పేర్లు మార్చి రాసిన చలికాలం

మా మరాఠీ మాస్టారు పాట్కర్ సర్‌ని ఇకనైనా క్షమించెయ్యమని ఇన్నేళ్ళలో నాకు చాలామంది చెప్పారు. పెద్దాయన, పోయి కూడా చాలాకాలమైంది, ఇంకా ఏమిటే నీ పంతం అంటారు. పోయినంత మాత్రాన క్షమించాలని ఎక్కడ రాసిపెట్టి ఉందో నాకు తెలియదు. నేను క్షమించలేదు. ఆయనకి చేసినదానికి ఒక్కనాడూ బాధపడలేదు. నా బాధ వేరేచోట ఉంది.

అది నేను మహారాష్ట్రలోని ఇచల్‌కరంజిలో పదో తరగతి చదివిన ఏడు. మా బళ్ళో పదికి నాలుగు సెక్షన్లు: అ, బ, క, డ. తొమ్మిదిలో వచ్చిన మార్కుల్ని బట్టి పిల్లల్ని జల్లెడపట్టి పంచేవారు. జల్లెడలోంచి జారి అడుగున పడ్డవాళ్ళం మేము, డ వాళ్ళం. ఆ డకి ఒత్తు తగిలించి ఊరంతా మమ్మల్ని ఢ అనేవారు. మా మరాఠీలో ఢ అంటే మొద్దు. ఎందుకలా అంటారో మొదటిరోజే పాట్కర్ సర్ బోర్డు మీద రాసి మరీ చెప్పారు.

"రెండువేల ఏళ్ళలో అక్షరాలన్నీ రూపం మార్చుకున్నాయి. అ మారింది, క మారింది. ఇదొక్కటే పుట్టినప్పుడెలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. ఎన్ని రాజ్యాలు వచ్చిపోయినా దానికేం ఎక్కలేదు. అందుకే మీకీ పేరు."

తర్వాత హాజరు పట్టీ తీసి వేలితో కిందికి దిగుతూ నా దగ్గర ఆగారు. "ఉజ్వల ఢవళే. వీళ్ళు ఇంటిపేరులోనే పెట్టుకున్నారు. మన పని తేలిక చేశారు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వే నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఆయన అ సెక్షన్‌లో ఎంత గొప్పగా పాఠం చెప్పేవారంటే, పక్క వరండాలో వెళ్ళేవాళ్ళు కిటికీ దగ్గర ఆగి వినేవారు. మా గదికి వచ్చి మాత్రం పేపరు చదువుకునేవారు. మేమూ ఏమీ అడిగేవాళ్ళం కాదు. మాకు రాదని మాకే గట్టి నమ్మకం. ఎప్పుడైనా లెక్కకి జవాబు సరిగ్గా వస్తే, నాకు వచ్చిందంటే ఇందులో ఎక్కడో తప్పుంది అనుకుని నా చేత్తో నేనే కొట్టేసేదాన్ని.

అక్టోబరు పరీక్షల్లో మాత్రం ఒక పొరపాటు చేశాను. 'వానాకాలంలో ఒక రోజు' అని వ్యాసం ఇచ్చారు. ఆ రోజు నిజంగానే వాన పడుతోంది. బడి పక్క షెడ్డులో మరమగ్గాలు ఆడుతున్నాయి. రేకుల మీది వానా లోపలి మగ్గాలూ కలిసి, రెండూ కాని ఇంకేదో చప్పుడు పుడుతోంది. దాన్ని గురించి రాశాను. ఆ చప్పుడులో పుట్టిన పిల్లలు వాన వెలిశాక నిద్రలేచి ఎందుకు ఏడుస్తారో రాశాను. గంట కొట్టేదాకా తల ఎత్తలేదు.

పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు సర్ నన్ను లేపి, భుజం పట్టుకుని వరండా వెంట నడిపించి అ సెక్షన్‌లో నిలబెట్టారు. నా వ్యాసంలోంచి నాలుగు వాక్యాలు చదివారు.

"ఎలా ఉంది?" అని వాళ్ళని అడిగారు.

"బాగుంది సర్," అన్నారు వాళ్ళు.

"బాగుంటుంది మరి. దొంగ సొమ్ము బాగానే ఉంటుంది. ఏ గైడులోదే ఇది?"

"నేనే రాశాను సర్."

"ఢ ఇలాంటి వాక్యం రాయదమ్మా. రాస్తే అది ఢ కాదు. రేపు మీ అమ్మని తీసుకురా."

వ్యాసానికి సున్నా వేశారు.

మా అమ్మ అణ్ణా మగ్దూమ్ మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టేది. మిషను ముందు నిలబడి, తెగిన పోగులు ముడివేస్తూ, నిండిన కండెలు తీసి ఖాళీవి పెడుతూ పొద్దుటినుంచి సాయంత్రందాకా అదే పని. అరపూట సెలవడిగి, జుట్టులో దూది నలకలతో అలాగే బడికి వచ్చింది. పాట్కర్ సర్ చెప్పిందంతా విని రెండు చేతులూ జోడించింది.

"తప్పయిపోయింది సర్. ఇంకెప్పుడూ చెయ్యదు."

ఇంకెప్పుడూ. ఆ ఒక్క మాటతో నేను చెయ్యని పని చేసినట్టయిపోయింది. సర్ నన్ను దొంగ అన్నందుకు నాకు ఏడుపు రాలేదు. అమ్మ ఒప్పుకున్నందుకు వచ్చింది.

దారిలో అడిగింది. "ఎక్కడ చూసి రాశావే?"

"ఎక్కడా చూళ్ళేదు ఆయీ. నేనే రాశాను."

"అంత చదువుకున్న మనిషి, సర్ అబద్ధం చెప్తారా?"

"ఆయన అబద్ధం చెప్పలేదు. నమ్మలేదు."

"అంత బాగా రాయగలిగినదానివి ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదు మరి?"

అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. "పోనీలే. మన వంశంలో ఎవరికీ అక్షరం ఎక్కదు. ఏప్రిల్‌లో మా షెడ్డులో శేవంతా పని మానేస్తుంది. ఆ మిషను నీకు అట్టిపెట్టమని అణ్ణాకి చెప్పి ఉంచాను. నా పక్కదే."

జాలితో నిమిరిన ఆ చెయ్యి నన్ను కాల్చింది. ఆ సాయంత్రం నేను ఒకటే అనుకున్నాను: పాట్కర్ సర్ ఊరంతటి ముందు మాట తడబడి నిలబడాలి, నేను కళ్ళారా చూడాలి. చదువులో పైకి రావాలని గానీ, మంచి మార్కులు తెచ్చుకోవాలని గానీ నాకు అనిపించలేదు. ఆయన తడబడాలి, అంతే.

దారి దానంతటదే మెట్లు దిగి వచ్చింది.

దీపావళి సెలవుల్లో ఒకరోజు అమ్మకి జొన్నరొట్టె భాకరి ఇవ్వడానికి షెడ్డుకి వెళ్ళాను. అణ్ణా మగ్దూమ్ ఇల్లు షెడ్డు పైనే. ఆయన కూతురు వృషాలి అ సెక్షన్‌లో మొదటిది. మార్చి బోర్డు పరీక్షల మెరిట్ జాబితాలో ఆ పిల్ల పేరు వస్తుందని బడంతా ఎదురుచూస్తోంది. ఆమె మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"ఆ వాన వ్యాసం నువ్వే రాశావా?"

"ఏం, నువ్వు కూడా నిలబెట్టి అడుగుతావా?"

"కాదు. నా దగ్గర అన్ని గైడులూ ఉన్నాయి. అన్నిట్లో వెతికాను. ఎక్కడా లేదు."

నేను ఆ పిల్ల వంక చూశాను. నన్ను నమ్మిన మొదటి మనిషి వెతికి చూసి మరీ నమ్మింది. "మరి సర్‌కి చెప్పలేకపోయావా?"

"చెప్పాను. నీ మనసు మంచిదమ్మా అన్నారు." వృషాలి మెట్టు మీద కూర్చుంది. "ఉజ్జూ, ఒకటి చెప్తాను, ఎవరితోనూ అనకు. సర్ నాకెప్పుడూ పదికి తొమ్మిదే ఇస్తారు. ఆగస్టులో జ్వరంతో సగం వ్యాసం రాశాను. ముగింపే లేదు. దానికీ తొమ్మిదే. బాగా రాస్తాననిస్తారో, మా నాన్న బడి కమిటీలో ఉన్నాడనిస్తారో నాకు తెలీట్లేదు. మార్చిలో దిద్దేవాళ్ళకి నేనెవరో తెలీదు కదా."

మార్కులు ఎక్కువొస్తున్నాయని భయపడే మనిషిని నేను అప్పుడే చూడటం. జాలి వెయ్యలేదు. కడుపు నిండినవాళ్ళకి అరగదేమోనన్న బెంగ అనుకున్నాను. కానీ ఆ మాట వింటుంటేనే నా బుర్రలో ఏదో కదిలింది.

"తెలుసుకోవాలనుందా?" అన్నాను.

"ఎలా?"

"జనవరి పరీక్షలో మరాఠీ పేపరు పేర్లు మార్చి రాద్దాం. నీ పేరు, నీ నంబరు నేను వేస్తా. నావి నువ్వు వెయ్యి."

"చేతిరాత పోల్చుకుంటారు కదా."

"అదీ మార్చుకుందాం. రెండు నెలలుంది."

ఆమె చాలాసేపు గోరు కొరుక్కుంది. "చూసుకున్నాక చింపేద్దాం. ఎవరికీ చెప్పొద్దు. ఒట్టు?"

"ఒట్టు," అన్నాను. అంటున్నప్పుడే అది నిలిచే ఒట్టు కాదని నాకు తెలుసు.

సెలవులయ్యాక సాయంత్రాలు వాళ్ళ మేడ మీద కూర్చుని ఒకరి రాత ఒకరం నేర్చుకున్నాం. వృషాలివి నిటారు అక్షరాలు, పైన గీత స్కేలు పెట్టి గీసినట్టుండేది. నేను ఆ పైగీతే గీసేదాన్ని కాదు. నావి తల లేని అక్షరాలని సర్ అనేవారు. మొదటి వారం వేళ్ళు నొప్పి పుట్టాయి. రెండో వారానికి చెయ్యి తిరిగింది.

చెయ్యి తిరిగాక ఒక విచిత్రం జరిగింది. ఆ అక్షరాలతో రాస్తుంటే నా కొట్టివేతలు తగ్గిపోయాయి. వాక్యం మొదలుపెడితే చివరిదాకా వెళ్ళేది. వృషాలి మగ్దూమ్ తప్పు రాయదు కదా అని నా చెయ్యే అనుకునేదేమో. భూగోళమూ, చరిత్రా కూడా ఆ రాతతోనే చదివి రాయడం మొదలుపెట్టాను. గుర్తుండేవి.

"నీ కొట్టివేతలు తగ్గాయి, నాకేమో తలకిందులు," అంది వృషాలి ఒకరోజు. "నీ రాతతో రాస్తుంటే వాక్యం మధ్యలో భయమేస్తోంది. ఇది ఎలాగూ తప్పేననిపిస్తోంది."

"అలవాటైపోతుందిలే," అన్నాను. "మాకు అయింది."

జనవరి మొదటి వారంలో పరీక్ష. వ్యాసం 'యంత్రాలు ఆగిపోతే'. మొదటి పేజీ మీద వృషాలి పేరూ నంబరూ వేశాను. కాపలాకి వచ్చిన టీచరు రేగే బాయి సంతకం పెట్టి ముందుకు వెళ్ళిపోయింది, పేరు చూడలేదు. వ్యాసం నేను వృషాలిని అనుకునే రాయాలి కాబట్టి ఊహలో ఆ మేడ మీది కిటికీలోంచి చూశాను. కింద షెడ్డులో కరెంటు పోయింది. మగ్గాలు ఆగిపోయాయి. కండెలు చుట్టే ఒక ఆడమనిషి ఒక్కత్తే ఇంకా గట్టిగా అరుస్తూ మాట్లాడుతోంది. అక్కడినుంచి చూస్తే మా అమ్మ నాకు కొత్తగా కనిపించింది. అంతకుముందు ఎప్పుడూ ఆమెని పైనుంచి చూడలేదు.

సంక్రాంతి మర్నాడు పేపర్లు ఇచ్చారు. అ సెక్షన్‌లో 'వృషాలి' వ్యాసాన్ని సర్ మొదటినుంచి చివరిదాకా చదివారని మధ్యాహ్నానికల్లా బడంతా తెలిసింది. పదికి తొమ్మిదిన్నర. ఇరవై ఏళ్ళ నౌకరీలో ఎవరికీ అంత ఇవ్వలేదన్నారట. మా గదిలో 'ఉజ్వల' పేపరు నా బల్ల మీదికి విసిరారు. వ్యాసానికి రెండు. పక్కన ఎర్రసిరాతో ఒకే ఒక్క అక్షరం: ఢ.

నీళ్ళ పంపు వెనక వృషాలి నాకోసం కాచుకుని ఉంది. రుమాలులోంచి నువ్వులూ బెల్లం కలిపిన తిళ్‌గుళ్ ఉండ తీసి నా చేతిలో పెట్టింది. "తీసుకో, తియ్యగా మాట్లాడు," అంది, పండక్కి అందరూ అనే మాట.

నా పేరున్న తన పేపరు తీసుకుని చూసుకుంది. రెండు మార్కులు చూసింది. ఆ అక్షరం చూసింది. నేను అంతకుముందే, మా గదిలో, ఆ వ్యాసం చదివేశాను. మగ్గాలు ఆగిన రోజు యజమాని ఇంట్లో ఉయ్యాల మీద కూర్చుని, హుకుం చెయ్యడానికి ఎవరూ లేక, కూతుర్ని పిలిచి నువ్వెన్నో క్లాసు అని అడుగుతాడు. కూతురు చెప్తుంది. అవునా అని ఆశ్చర్యపోతాడు. యంత్రాలు ఆగకపోతే మా నాన్నకి ఆ సంగతి తెలిసేది కాదు అని అక్కడితో ఆపేసింది. నా దానికన్నా బాగుంది. చాలా బాగుంది.

"నిజం చెప్పు ఉజ్జూ. ఎలా ఉందిది?"

తిళ్‌గుళ్ నోట్లో వేసుకున్నాను. నమిలి మింగేదాకా ఆమె నా నోటివంకే చూస్తోంది.

"సర్ దిద్దారుగా," అన్నాను. "నన్నడిగితే ఏం తెలుస్తుంది? నేను ఢ కదా."

వృషాలి కాగితాలు మడిచింది. మడతలు సరిగ్గా కుదరలేదు. "అంటే అంతేనన్నమాట," అంది. వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేదేమో. ఆగే ఉద్దేశం నాకు లేదు. పైగా సర్ నాకు అవకాశం పళ్ళెంలో పెట్టి అందించారు. జనవరి చివర బడి వార్షికోత్సవం. ఆ వ్యాసాన్ని వేదిక మీద వృషాలి చేత చదివిస్తానన్నారు. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నేను చదవను. ఒంట్లో బాలేదని చెప్తాను."

"చదువు. మానేస్తే అనుమానం వస్తుంది," అన్నాను. "పది నిమిషాల్లో అయిపోతుంది."

నన్ను నమ్మింది.

ఆ ఏడు ఉత్సవానికి అధ్యక్షుడు అణ్ణా మగ్దూమ్. కుర్చీలు నిండాలని షెడ్డుకి సెలవిచ్చి పనివాళ్ళందర్నీ రమ్మన్నాడు. అమ్మ ఉతికిన చీర కట్టుకుని ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుంది. డ సెక్షన్ మగపిల్లలు వెనక గోడవారగా పేర్చిన బల్లలకి ఆనుకుని నిలబడ్డారు. నేను వాళ్ళ ముందు.

పాట్కర్ సర్ మైకు ముందుకొచ్చారు. "యజమాని బిడ్డ అయి ఉండి, తన కింద పనిచేసే మనిషి కష్టాన్ని ఈ అమ్మాయి చూసింది. దీన్ని సంస్కారం అంటారు. ఇది నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి." అణ్ణా తలపాగా సర్దుకున్నాడు.

వృషాలి చదివింది. గొంతు మొదట పీలగా ఉంది, తర్వాత నిలబడింది.

"కరెంటు పోతే మా షెడ్డులో అందరికీ చెవులు వస్తాయి, ఆమెకి తప్ప. చుట్టూ నిశ్శబ్దమైపోయినా 'పిల్లలు తిన్నారో లేదో' అని అరిచి చెబుతుంది. అందరూ నవ్వుతారు. ఆమె సిగ్గుపడి చెవుల్లోని దూది తీస్తుంది. మగ్గాలు ఆగిపోతాయి గానీ ఆమె ఆగదు. ఇంటికి వెళ్ళి పడుకున్నాక కూడా ఆమె కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తెగిన పోగులు ముడివేస్తూనే ఉంటాయి. పక్కన పడుకున్నవాళ్ళు ఆ చేతిని పట్టుకుంటే, కాసేపు ఆగి, మళ్ళీ మొదలవుతాయి."

నేను అమ్మ వంక చూశాను. అమ్మ వేదికని చూడటం లేదు. ఒళ్ళో ఉన్న తన కుడిచేతిని చూసుకుంటోంది. తర్వాత మెల్లగా తల తిప్పి, అంత జనంలో నన్ను వెతికి పట్టుకుంది. అలా చూస్తూనే ఉండిపోయింది.

నాకు కావలసింది అక్కడే దొరికిపోయింది. అయినా నేను చెయ్యెత్తాను.

చప్పట్లు సద్దుమణిగేదాకా ఆగి అడిగాను. "సర్, ఒక సందేహం. మా అమ్మ నిద్రలో చేతులు ఆడిస్తుందని వృషాలికి ఎలా తెలుసు?"

"కూర్చో ఢవళే," అన్నారు సర్.

"వాళ్ళు మేడ మీద పడుకుంటారు. అమ్మ పక్కన పడుకునేది నేను."

నిశ్శబ్దంలో మైకు కీచుమంది. సర్ నోరు తెరిచారు. మాట రాలేదు. కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. హెడ్మాస్టరు లేచి వృషాలి దగ్గరకెళ్ళి ఏదో అడిగారు. మైకు ఆమె ముందే ఉంది. అందుకని జవాబు అందరికీ వినబడింది.

"ఆమె రాసిందే సర్. పేర్లు మార్చుకున్నాం. నాది రెండు మార్కుల పేపరు."

వెనక గోడ దగ్గర ఎవడో బల్ల మీద చరిచాడు. "ఢ." ఇంకొకడు అందుకున్నాడు. నిమిషంలో వెనక వరసంతా బల్లలు మోదుతూ "ఢ, ఢ, ఢ" అని అందుకుంది. వాళ్ళు అంటున్నది పాట్కర్ సర్‌ని. ఆయన అప్పటికే తెర వెనక్కి వెళ్ళిపోయారు. మైకు ముందు కాగితాలు పట్టుకుని మిగిలింది వృషాలి ఒక్కతే.

అబద్ధం ఎందుకు చెప్పాలి, అంత తియ్యటి నిమిషం నా జీవితంలో మళ్ళీ రాలేదు.

ఇంటికి నడుస్తున్నప్పుడు అమ్మ సందు మలుపులో ఆగింది. "నా గురించి ఇంకేం రాశావ్?"

"అంతే ఆయీ."

"నిజంగానే చెయ్యి ఆడుతుందా?"

"రోజూ."

"మరి చెప్పలేదేం?" అని నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున అమ్మ పనికి వెళ్తే షెడ్డు గుమ్మం దగ్గరే ఆపేశారు. అణ్ణా కిందికి కూడా రాలేదు, గుమస్తా చేత చెప్పించాడు. వేరే షెడ్డులో మగ్గాలు నడిపే మా నాన్న ఆ సంగతి విని నా వంక చూసి అన్నాడు. "సర్‌ని కొట్టాలనుకుని యజమాని కూతురి మీదుగా కొట్టావు. ఇప్పుడు అణ్ణా ఇరవై నాలుగు మగ్గాలూ వచ్చి మన నెత్తిన కూర్చుంటాయి."

"కూర్చోనీ," అంది అమ్మ. పనికని కట్టుకున్న, దూది అంటుకున్న ఆ పాతచీరతోనే లేచి నిలబడింది. "పద," అంది నాతో.

బడికి తీసుకెళ్ళింది. టీచర్ల గదిలో పాట్కర్ సర్ బల్ల ముందు నిలబడింది. ఈసారి చేతులు జోడించలేదు.

"అక్టోబర్లో మీ ముందు తప్పయిపోయింది అన్నాను సర్. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

సర్ తల ఎత్తలేదు. "మీ అమ్మాయి చేసింది మోసం బాయీ. పరీక్షలో మోసం."

"మోసం ఇప్పటి సంగతి. దానికేం శిక్ష వేస్తారో వెయ్యండి. నేనడిగేది అప్పటి సంగతి. అప్పుడది దొంగతనం కాదు. కాదని మీ నోటితో చెప్పండి."

గదిలో రేగే బాయి గాజులు కూడా కదలలేదు. సర్ ఎర్రసిరా కలం మూత తీసి, పెట్టి, "కాదు," అన్నారు.

"పిల్లకి చెప్పండి. నాకు కాదు."

ఆయన నా వైపు చూసి మళ్ళీ అన్నారు. అమ్మ బయటికొచ్చి వరండాలో నన్ను అడిగింది. "ఆ పదకొండో తరగతి ఏ కాలేజీలో ఉంటుంది?" శేవంతా మిషను మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

శిక్షేమీ వెయ్యలేదు. వేస్తే అణ్ణా కూతురికీ వెయ్యాలి. ఆ ఏటినుంచి బళ్ళో పేపర్ల మీద పేర్లు మాన్పించి నంబర్లు మాత్రం వేయించారు. పాట్కర్ సర్‌కి మళ్ళీ మైకు ఇవ్వలేదు. మార్చిదాకా వరండాలో నేను ఎదురుపడితే ఆయన పక్కకి తప్పుకునేవారు. కావాలని రోజుకి రెండుసార్లు ఎదురుపడేదాన్ని. అమ్మకి నది వైపు ఒక షెడ్డులో పని దొరికింది. పోనూ రానూ గంటన్నర నడక. ఒక్కసారీ నన్నేమీ అనలేదు.

వృషాలితో మాట్లాడలేదు. ఆమె కూడా రాలేదు. మార్చిలో మరాఠీ పరీక్ష రోజు ఆమె నాకు రెండు బల్లల ముందు కూర్చుంది. అందరం వ్యాసం రాస్తున్నాం. ఆమె కలం పెట్టి రెండు వాక్యాలు రాసింది. కొట్టేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ కొట్టేసింది. నిటారు అక్షరాల అమ్మాయి అలా కొట్టేయడం వెనకనుంచి చూస్తూనే నా పేజీలు నేను నింపుకున్నాను. ముప్పావుగంట ఉండగానే ఆమె కాగితాలిచ్చి వెళ్ళిపోయింది.

జూన్లో ఫలితాలొచ్చాయి. నాకు యాభై ఎనిమిది శాతం, మరాఠీలో డెబ్భై నాలుగు. డ సెక్షన్‌లో అంత ఎవరికీ రాలేదట. వృషాలి పేరు మెరిట్ జాబితాలో లేదు. మరాఠీలో నలభై ఒకటి. రేగే బాయి నా చేతిలో మార్కుల కాగితం పెట్టి, "దాని మరాఠీకి ఏమైందో," అంది. నన్ను అడగలేదు, ఊరికే అంది.

తిన్నగా అక్కడినుంచే మగ్దూమ్ ఇంటికి వెళ్ళాను. వాన పడుతోంది. షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతున్నాయి. వృషాలి వాళ్ళ అమ్మ పైనుంచి నన్ను చూసి, "మళ్ళీ ఎందుకొచ్చావ్?" అంది. వృషాలి మాత్రం సగం మెట్లు దిగి ఆగింది. చిక్కిపోయింది.

"నీ వ్యాసం బాగుంది," అన్నాను.

"ఏంటి? వినబడట్లేదు."

అరవాల్సి వచ్చింది. "ఉయ్యాల వ్యాసం! బాగుంది. నా దానికన్నా బాగుంది. అప్పుడే తెలుసు నాకు."

"ఎప్పుడు?"

"అప్పుడే. నువ్వడిగినప్పుడు."

ఆమె ఇంకో మెట్టు దిగింది. "మరి చెప్పలేదేం?"

ఆ జవాబు అరిచి చెప్పేది కాదు. మామూలుగానే అన్నాను. మగ్గాల మధ్య పెరిగిన పిల్లలం, పెదాలు చూసి మాట పట్టుకోవడం ఇద్దరికీ వచ్చు.

"ఎలా ఉంటుందో నీకూ తెలియాలని."

వృషాలి నన్ను చూసింది. కోపంగా కాదు. లెక్క సరిపోయిందా లేదా అని చూసుకునే మనిషిలా చూసింది.

"తెలిసింది," అంది. "ఇక వెళ్ళు."

మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. తలుపు వేసిన చప్పుడు ఆ మోతలో నాకు వినబడలేదు. వేయడం మాత్రం చూశాను.